బండి మనది, కేసు కూడా మనకే

వాడ – రోడ్డు – కోర్టు: 23వ భాగం



పోయిన భాగం పెట్టాక నాకొచ్చిన మెసేజ్‌లలో సగం ఒకే రకం. "అన్నా, ఏప్రిల్ 14 ర్యాలీలో మావాడు వీలీ కొట్టాడు, వీడియో చూసి స్టేషన్‌కి పిలిచారు, ఏమవుతుంది?" "అన్నా, బండి పట్టుకెళ్లారు, ఎప్పుడిస్తారు?" "అన్నా, ఫైన్ కట్టేస్తే అయిపోతుంది కదా?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అందరికీ ఇక్కడే రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది. ఓపిగ్గా చదవండి. బండి ఉన్న మీ తమ్ముడి చేత కూడా చదివించండి.

ముందే ఒక మాట. బండి మీద మోజు పడ్డ కుర్రాణ్ణి నేను తిట్టను. బండి అంటే మనకి రవాణా ఒక్కటే కాదని నాకు తెలుసు.

1893లో, అప్పటి తిరువాన్కూరు సంస్థానంలో, అయ్యన్‌కాళి అనే పులయ యువకుడు ఎడ్ల బండి కొన్నాడు. తెల్ల బట్టలు కట్టాడు, తలపాగా చుట్టాడు, మనకి నిషేధించిన రోడ్డు మీద ఆ బండి తోలుకుంటూ వెళ్లాడు. అడ్డొచ్చినవాళ్లకి భయపడి వెనక్కి తిరగలేదు. అది దళితుడు రోడ్డు మీద బండి నడిపే హక్కు కోసం చేసిన పోరాటం. నూటముప్పై ఏళ్లు దాటింది. అయినా 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో బుల్లెట్ బండి నడుపుతున్నాడన్న కక్షతో ఒక దళిత కాలేజీ కుర్రాడి చేతుల మీద కత్తితో నరికారని కేసు నమోదైంది. నరికింది చేతుల మీద. హ్యాండిల్ పట్టుకునేది ఆ చేతులే కదా.

మన ఊళ్లలో కత్తి దాకా రాకపోయినా చూపులు ఉంటాయి. "వీడికీ బుల్లెట్ కావలసి వచ్చిందా" అనే మాట ఊరి సెంటర్లో టీ కొట్టు దగ్గర ఇప్పటికీ వినపడుతుంది. కాబట్టి మనవాడు బండి ఎక్కి ఊళ్లోంచి తలెత్తుకుని వెళ్తే నాకు సంతోషం. ఆ సంతోషం ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను. మన పెద్దలు దెబ్బలు తిని సంపాదించిన రోడ్డు మీద హక్కుని, ముందు చక్రం లేపిన పది సెకన్ల కోసం తీసుకెళ్లి పోలీసు చేతిలో పెట్టొద్దు.

ఇప్పుడు చట్టం ఏం చెబుతుందో చూద్దాం.

మోటారు వాహనాల చట్టంలో వీలీ అనే మాట ఎక్కడా లేదు. స్టంట్ అనే మాటా లేదు. లేదు కదా అని సంబరపడొద్దు. పోలీసులు వాడే సెక్షన్లు వేరే ఉన్నాయి.

మొదటిది 184. ప్రమాదకరంగా నడపడం. మొదటిసారి అయితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ.

రెండోది 189. పబ్లిక్ రోడ్డు మీద పందెం. మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 10,000, లేదా రెండూ.

సైలెన్సర్ మార్చి పటపట కొట్టిస్తే 190. హెల్మెట్ లేకపోతే 194డి. ముగ్గురెక్కితే 194సి. అసలు లైసెన్సే లేకపోతే 181. ఇవన్నీ ఒకే వీడియోలో కనపడుతుంటాయి మన పిల్లలవి. ఎస్సై కష్టపడి విచారణ చేయనక్కర్లేదు. నువ్వే పాట పెట్టి, స్లో మోషన్ పెట్టి, నంబర్ ప్లేట్ కనపడేలా ఇన్‌స్టాలో పెట్టావు. తేదీ, టైము కూడా అందులోనే ఉంటాయి. తన మీద తానే సాక్ష్యం తయారుచేసి ఇచ్చేవాణ్ణి ఈ రీల్స్ కాలంలోనే చూస్తున్నాను.

వీటికి తోడు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఉంది. నిర్లక్ష్యంగా నడిపితే 281, ఆరు నెలల దాకా జైలు. ఎవరికైనా దెబ్బ తగిలితే 125. దెబ్బ తీవ్రమైతే అందులోనే మూడేళ్ల దాకా ఉంది. మనిషి చనిపోతే 106, ఐదేళ్ల దాకా. పాత ఐపీసీలో ఇది రెండేళ్లే ఉండేది. ఇంకో మెట్టు పైకెళ్లి, "ఇలా చేస్తే ప్రాణం పోతుందని వీడికి తెలుసు, తెలిసే చేశాడు" అని పోలీసులు రాస్తే 105 కింద పదేళ్ల దాకా పోతుంది. దానికి స్టేషన్ బెయిలు ఉండదు. జనం మధ్యలో వీలీ కొట్టినవాడు "నాకు తెలియదు" అంటే కోర్టు నమ్మాలి కదా?

కోర్టుల మూడ్ కూడా మారింది. తమిళనాడు యూట్యూబర్ టీటీఎఫ్ వాసన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2023 సెప్టెంబరులో కాంచీపురం దగ్గర హైవే మీద వీలీ చేస్తూ పడ్డాడు. లక్షల మంది అభిమానులున్నవాడు. నలభై రోజులకు పైగా జైల్లో ఉన్నాడు. బెయిలు కోసం వెళితే మద్రాసు హైకోర్టు, నీ బండి తగలబెట్టాలి, ఆ ఛానల్ మూసెయ్యాలి అన్నట్టుగా మాట్లాడింది. లైసెన్స్ పదేళ్లు రద్దులో పెట్టారు. 2025 మే నెలలో కర్ణాటక హైకోర్టు గంగావతి వీలీ కేసులో బెయిలు ఇవ్వలేదు సరికదా, ఇప్పుడున్న చట్టం ఈ వీలీలకు చాలదు, ఇంకా గట్టిది తెండి అని ప్రభుత్వానికి చెప్పింది. అంటే ముందు ముందు సెక్షన్లు పెరుగుతాయే కానీ తగ్గవు.

ఇక అసలు సంగతి. పుస్తకంలో శిక్ష అందరికీ ఒకటే. ఆ శిక్ష ఖరీదు మాత్రం ఇల్లు ఇల్లుకీ వేరు.

బైక్ సీజ్ చేశారు అనుకోండి. గేటెడ్ కమ్యూనిటీ కుర్రాడు మర్నాడు నాన్న కారులో కాలేజీకి వెళ్తాడు. మన ఇంట్లో ఆ బండి మీదే నాన్న తాపీ పనికి వెళ్లాలి, ఆ బండి మీదే తమ్ముడు ఫుడ్ డెలివరీ చెయ్యాలి, ఆ బండికే నెల నెలా ఫైనాన్స్ వాయిదా కట్టాలి. బండి స్టేషన్ ఆవరణలో ఎండకి ఎండి వానకి తడుస్తున్నా వాయిదా ఆగదు. లైసెన్స్ మీద వేటు పడితే ఇంకా ఘోరం. 184, 189 లాంటి వాటిలో పోలీసులు లైసెన్స్ తీసుకుని రవాణా శాఖకి పంపొచ్చు, అక్కడ సస్పెండ్ చెయ్యొచ్చు. ఆటో, క్యాబ్, డెలివరీ చేసేవాడికి లైసెన్స్ పోవడమంటే ఉద్యోగం పోవడమే.

పద్దెనిమిది నిండని పిల్లవాడికి బండి ఇచ్చారా? 199ఎ చదవండి. పిల్లవాడు చేసిన నేరానికి తండ్రి లేదా బండి యజమాని దోషి. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. "నాకు తెలియకుండా తీసుకెళ్లాడు" అని తండ్రే నిరూపించుకోవాలి. నిరూపించడానికి లాయరు, లాయరుకి డబ్బు, డబ్బుకి అప్పు.

ఇంకోటి. మన పిల్లల్లో కానిస్టేబుల్ ఉద్యోగానికి, ఆర్మీకి, గ్రూప్ పరీక్షలకి చదివేవాళ్లు ఎంతమంది! సెలెక్ట్ అయ్యాక ఒక ఫారం ఇస్తారు. నీ మీద కేసులున్నాయా, అరెస్టయ్యావా, శిక్ష పడిందా అని అడుగుతారు. "ఫైన్ కట్టేస్తే అయిపోతుంది" అనుకుని లోక్ అదాలత్‌లోనో మేజిస్ట్రేటు ముందో నేరం ఒప్పుకుని డబ్బు కట్టి వచ్చినవాడు, తనకి శిక్ష పడిందన్న సంగతి ఆ ఫారం చూసినప్పుడు గుర్తు చేసుకుంటాడు. అప్పుడు భయపడి "లేవు" అని రాస్తాడు. అక్కడ దొరుకుతాడు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. చిన్న వయసులో జరిగిన చిల్లర కేసుని నిజాయితీగా చెబితే ప్రభుత్వం క్షమించే వీలుంది, దాచిపెడితే ఉద్యోగం తీసెయ్యొచ్చు. కాబట్టి కేసు ఉంటే దాచకండి. అసలు లేకుండా చూసుకోవడం అన్నిటికంటే మంచిది.

బీమా సంగతి చెబితే చాలామంది నమ్మరు. "పోతే ఇన్సూరెన్స్ వస్తుంది" అని మనవాళ్ల భరోసా. ఎవడు పోతే? ఎవడికి? 2025 జులై 2న సుప్రీంకోర్టు కర్ణాటక కేసులో చెప్పింది: తన సొంత నిర్లక్ష్యం వల్ల, తన తప్పు వల్లే చనిపోయినవాడి కుటుంబానికి బీమా కంపెనీ పరిహారం ఇవ్వక్కర్లేదు. ఆ కుటుంబం 80 లక్షలు అడిగింది. ట్రిబ్యునల్ కాదంది, హైకోర్టు కాదంది, సుప్రీంకోర్టూ కాదంది. అది కారు కేసు. సూత్రం బండికీ అదే. బండి యజమానికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, ఆర్సీ మీద ఎవరి పేరుందో వాళ్లకే, అదీ లైసెన్స్ ఉంటేనే. అన్న పేరు మీద ఉన్న బండి తమ్ముడు నడిపి పోతే అది రాదు.

నువ్వు వేరేవాళ్లని గుద్దితే? వాళ్లకి పరిహారం రావాలి, అది న్యాయం. కానీ లైసెన్స్ లేనివాడు నడిపాడని తేలితే కంపెనీ ముందు వాళ్లకి కట్టి, తర్వాత ఆ డబ్బు బండి యజమాని దగ్గర వసూలు చేసుకునే హక్కు కోర్టులు ఇస్తున్నాయి. కూలికెళ్లే తండ్రి లక్షలు ఎక్కడ తెస్తాడు? ఉన్న మూడు సెంట్ల ఇల్లు కూడా పోతుంది.

ఆ గుద్దుడు తినేది ఎవరో కూడా ఆలోచించండి. స్టంట్లు చేసేవాళ్లు చెప్పే మాట ఒకటుంది, "రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే చేస్తాం అన్నా, అర్ధరాత్రి, తెల్లారుజామున". ఏ రోడ్డు ఖాళీ తమ్ముడూ? తెల్లారుజామున ఏ పట్టణంలోనైనా రోడ్డు మీద వంగి చీపురు పట్టుకుని ఉండేది ఎవరు? ఆరెంజ్ జాకెట్ వేసుకుని డివైడర్ పక్కన మట్టి ఎత్తేది ఎవరు? కూరగాయల మూట నెత్తిన పెట్టుకుని రైతుబజారుకి పోయేది ఎవరు? నైట్ డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికొచ్చే వాచ్‌మన్ ఎవరు? మన అమ్మ, మన పిన్ని, మన మామయ్య. నీకు ఖాళీగా కనపడే రోడ్డు నిండా మనవాళ్లే ఉన్నారు. కారులో పోయేవాడికి వాళ్లు కనపడరని మనం రోజూ అంటాం కదా. నీకూ కనపడకపోతే ఎలా?

2022లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44.5 శాతం బైకుల మీద, స్కూటర్ల మీద ఉన్నవాళ్లే. వాళ్లంతా స్టంట్లు చేసి పోలేదు. అసలే ఇంత ప్రమాదమున్న రోడ్డు మీద మనం ఇంకో ప్రమాదాన్ని మోజు పడి తెచ్చుకోవడం ఎందుకని అడుగుతున్నాను.

ఇప్పుడు మీలో కొందరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. "అన్నా, నీతులు మాకేనా? వాళ్ల పిల్లలు చేస్తే ఏం చేస్తున్నారు?"

న్యాయమైన ప్రశ్న. దాటెయ్యను.

2024 మే 19న పుణెలో పదిహేడేళ్ల కుర్రాడు పోర్షే కారుతో బైక్ మీద వెళ్తున్న ఇద్దరు ఇంజనీర్లని గుద్ది చంపాడు. బిల్డర్ కొడుకు. గంటల్లో బెయిలు. షరతుల్లో ఒకటి, రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయడం. దేశమంతా గొడవ చేస్తే కానీ ఆ ఉత్తర్వు మారలేదు. రక్త నమూనాలు మార్చారన్న ఆరోపణ మీద డాక్టర్లు అరెస్టయ్యారు. మన వాడలో పిల్లవాడికి ఎప్పుడైనా వ్యాసం రాయమన్నారా? మనవాడికి రాయించేది స్టేషన్‌లో తెల్ల కాగితం మీద సంతకం.

నేను జామీనుల కోసం స్టేషన్ల చుట్టూ తిరిగే మనిషిని. చూసింది చెబుతున్నాను. ఒకే రాత్రి, ఒకే రోడ్డు మీద పట్టుకొచ్చిన ఇద్దరు కుర్రాళ్లు. ఒకడి తండ్రి రాలేదు, ఆయన ఫోన్ వచ్చింది. కుర్రాడు చలానా కట్టి వెళ్లిపోయాడు. రెండోవాడి తండ్రి వచ్చాడు, గడప బయట చెప్పులు విడిచి తెల్లారేదాకా నిలబడ్డాడు. ఈలోగా లోపల మొదటి ప్రశ్న, "ఏ పేటరా మీది?" పేట అడిగితే కులం తెలుస్తుంది. కులం తెలిశాక సెక్షన్ రాస్తారు. 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. జైళ్ల గణాంకాలు ఏ ఏడాదివి తీసినా ఖైదీల్లో మన వాటా అంతకంటే ఎక్కువే. ఇది మనం ఎక్కువ నేరాలు చెయ్యడం వల్ల వచ్చిన లెక్క కాదు. మన తరఫున ఫోన్ చేసేవాడు లేకపోవడం వల్ల వచ్చిన లెక్క.

ఇంకో వింత చూడండి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున రోడ్లు మూసి ఫార్ములా ఈ కార్ల పందెం పెట్టారు. పబ్లిక్ రోడ్డే. పందెమే. మరి 189 ఎందుకు పడలేదు? ఆ సెక్షన్ పెట్టిన షరతు ఒకటే: రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా పందెం పెట్టకూడదు. అనుమతి ఉంటే క్రీడ, లేకపోతే నేరం. రెండు నెలల తర్వాత, అదే ఏప్రిల్ 14న, 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబెట్టింది కూడా ఆ పక్కనే. కోట్ల రూపాయల కారుకి రోడ్డు మూసి ఇవ్వగలిగిన ప్రభుత్వం, పేట కుర్రాడికి హెల్మెట్ పెట్టి, కోచ్‌ని ఇచ్చి, మూసిన గ్రౌండ్‌లో నేర్పే స్థలం ఒక్కటి జిల్లాకి ఇవ్వలేదా? నేను ఈ డిమాండ్ చేస్తాను. మీరూ చెయ్యండి.

అయితే అన్యాయం ఉంది కాబట్టి మనమూ స్టంట్ చేద్దాం అంటే కుదరదు. వాళ్ల కుర్రాడు తప్పించుకున్నాడు కాబట్టి మనవాడూ తప్పించుకోవాలి అన్నది నా వాదన కాదు. వాళ్ల కుర్రాడికీ అదే సెక్షన్ పడాలి. మనవాడికి సెక్షన్‌లో ఉన్నంతే పడాలి, దానికి మించి ఒక్క లాఠీ దెబ్బ కూడా పడకూడదు. నా వాదన ఇంతే.

చట్టంలో గుంజీలు లేవు. నడిరోడ్డు మీద జుట్టు కత్తిరించడం లేదు. పిల్లవాణ్ణి కొడుతూ వీడియో తీసి వాట్సాప్‌లో తిప్పడం లేదు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, ఊరికే అరెస్టు చెయ్యకూడదు. ఇది 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఇప్పుడు కొత్త చట్టంలో 35వ సెక్షన్‌లో ఉంది. అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, లాయర్ని కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణం. 1949 సెప్టెంబరులో దీన్ని రాజ్యాంగ సభ ముందు పెట్టింది బాబాసాహెబే. అరెస్టయినవాడికి రక్షణ ఏదని అందరూ అడుగుతుంటే, ఆయన దాన్ని కొత్తగా రాసి తెచ్చాడు. ర్యాలీలో ఆయన బొమ్మ మోసేవాడికి ఆ అధికరణం నంబరైనా తెలియాలి. నలుగురి ముందు కులం పేరుతో తిడితే, తిట్టినవాడు యూనిఫాంలో ఉన్నా, అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది.

కాబట్టి కేసు ఇప్పటికే అయినవాళ్లకి నా మాట. స్టేషన్‌కి ఒక్కడివే వెళ్లకు. తెల్ల కాగితం మీద సంతకం పెట్టకు. బండి గానీ లైసెన్స్ గానీ తీసుకుంటే రసీదు అడుగు. ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకో. కోర్టులో నేరం ఒప్పుకునే ముందు లాయర్ని అడుగు. లాయరుకి డబ్బు లేదనకు. ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 చట్టం 12వ సెక్షన్. జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100.

ర్యాలీలు పెట్టే సంఘాల పెద్దలకి కూడా ఒక మాట. మన ర్యాలీ ఎప్పుడు ఆపుదామా అని చూసేవాళ్లు ఊళ్లో ఉన్నారు. విగ్రహం పెట్టొద్దని, డీజే వద్దని, ఈ వీధిలోంచి రావద్దని అర్జీలు పెట్టేది వాళ్లే. ఒక్క కుర్రాడు ఒక్క చక్రం లేపితే చాలు, వచ్చే ఏడాది అనుమతి ఇవ్వకుండా ఉండటానికి ఎస్సైకి కాగితం దొరికినట్టే. కాబట్టి రూట్ రాసివ్వండి, బండి నంబర్లు రాసుకోండి, హెల్మెట్ లేనివాణ్ణి, పద్దెనిమిది నిండనివాణ్ణి బండి ఎక్కనివ్వకండి. సైలెన్సర్ మార్చిన బండి ముందే పక్కన పెట్టించండి. రోడ్డు పక్కన నిలబడ్డ ముసలమ్మకి జెండా కనపడాలి, బాబాసాహెబ్ పేరు వినపడాలి. సైలెన్సర్ మోతలో ఏది వినపడుతుంది?

అయ్యన్‌కాళి ఆ రోజు ఎడ్లని పరిగెత్తించలేదు. మామూలుగా, అందరూ నడిపినట్టే నడిపాడు. వాళ్లకి కోపం తెప్పించింది ఆ మామూలుతనమే. మనమూ అలాగే, కాగితాలన్నీ జేబులో పెట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఊరి నడివీధిలోంచి వెళ్దాం. ఆపడానికి ఎవరికీ ఒక్క సెక్షన్ కూడా దొరక్కూడదు.

వచ్చే భాగంలో స్టేషన్ బెయిలు, జామీను ఎలా పెట్టాలి, ఏ కాగితాలు కావాలి అన్నది రాస్తాను. ప్రశ్నలుంటే కింద అడగండి. పిల్లల పేర్లు, బండి నంబర్లు మాత్రం ఇక్కడ రాయకండి.

జై భీమ్.